ఇంటి డీఎన్‌ఏ పరీక్ష, వంశాన్వేషణ: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం

ఉమ్మిని చిన్న గొట్టంలో పట్టి గానీ, బుగ్గ లోపలి భాగాన్ని దూదిపుల్లతో రుద్ది గానీ ప్రయోగశాలకు పంపితే, కొన్ని వారాలకు పూర్వీకుల ప్రాంతాల అంచనా, దూరపు చుట్టాల జాబితా ఫోనుకు వస్తాయి. దీన్నే ఇంటి డీఎన్‌ఏ పరీక్ష అంటున్నారు. 2000లో హ్యూస్టన్‌లో మొదలైన ఫ్యామిలీ ట్రీ డీఎన్‌ఏ ఈ వ్యాపారంలో తొలి సంస్థల్లో ఒకటి. 2006లో పుట్టిన ట్వంటీత్రీ అండ్ మీ, 2012లో వచ్చిన యాన్సెస్ట్రీ డీఎన్‌ఏ దీన్ని పండక్కి ఇచ్చే కానుకంత మామూలు సరుకుగా మార్చాయి. యాన్సెస్ట్రీ ఒక్కదాని దగ్గరే రెండున్నర కోట్ల మందికి పైగా వివరాలున్నాయి. వాళ్ళలో అత్యధికులు యూరప్ మూలాలున్న అమెరికన్లు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, చిత్తూరు పడమటి మండలాల మనిషికి ఈ పరీక్ష ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో సగం అర్థమైనట్టే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాకు పడమటి అంచున, మైసూరు పీఠభూమిని ఆనుకొని ఉన్న ఊళ్ళు. ఇక్కడి సంబంధాలకు రాష్ట్ర సరిహద్దు అడ్డం కాదు. మదనపల్లె వాళ్ళు చింతామణి, శ్రీనివాసపురం వైపు, పుంగనూరు వాళ్ళు ముళబాగిలు వైపు, కుప్పం వాళ్ళు కేజీఎఫ్, కృష్ణగిరి వైపు పిల్లనిచ్చి పుచ్చుకోవడం తరాలుగా ఉన్నదే. కుప్పం సంతలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడతాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ వెలసింది. పట్టణాల్లో ఉర్దూ ఇంటిభాషగా ఉన్న ముస్లిం కుటుంబాలు, పల్లెల అంచున రాజస్థానీకి దగ్గరి భాష మాట్లాడే సుగాలీ తండాలు ఉన్నాయి. ఇంత కలగలుపు నేలను ఏ సంస్థ అయినా తన ఫలితంలో ‘దక్షిణ భారతం’ అన్న ఒక్క రంగుతో పూసేస్తే, ఉమ్మి పంపినవాడికి ఉసూరుమనిపించడంలో వింత లేదు.

పరీక్ష జరిగే తీరు

మనిషి జీనోములో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. ఇంటి పరీక్ష వాటన్నిటినీ చదవదు. మనిషికీ మనిషికీ తేడా వచ్చే స్థానాలు కొన్నిటిని, మామూలుగా ఆరేడు లక్షలను, ఒక చిప్ మీద చూస్తుంది. ఆ తర్వాతి పని రెండు పాయలుగా సాగుతుంది. ఒకటి, ఆ అక్షరాల పోకడ ఏ ప్రాంతపు నమూనాలతో కలుస్తుందో చూసి శాతాలు కట్టడం. రెండు, ఆ సంస్థకు ఉమ్మి ఇచ్చిన ప్రతివాళ్ళతోనూ పోల్చి, పొడుగాటి డీఎన్‌ఏ ముక్కలు ఎవరితో ఉమ్మడిగా ఉన్నాయో వెతకడం. ఉమ్మడి ముక్కల పొడవును సెంటీమోర్గాన్లలో కొలుస్తారు. తల్లికీ బిడ్డకూ సుమారు 3,500, ఇద్దరు అన్నదమ్ముల పిల్లల మధ్య సుమారు 850, ఆ తర్వాతి తరంలో 230, మూడో తరానికి 70 చొప్పున సగటు వస్తుంది. అక్కడి నుంచి అదృష్టం మీద ఆధారపడిన సంగతే. నాలుగో తరం జ్ఞాతుల్లో సుమారు సగం జంటలకు కనిపెట్టగలిగే ఉమ్మడి ముక్కే మిగలదు.

ఈ రెండు పాయల్లో నమ్మదగ్గది రెండోది. చుట్టరికం కొలతలో దాచుకోవడానికేమీ లేదు, ముక్క ఉంటే ఉంది, లేకపోతే లేదు. ప్రాంతాల శాతాలు మాత్రం సంస్థ దగ్గరున్న నమూనాల మీద, అది గీసుకున్న గీతల మీద ఆధారపడిన అంచనాలు. సంస్థ తన లెక్కను సవరించినప్పుడల్లా మీ ముత్తాతల ఊరు కూడా కాస్త జరుగుతుంది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి శాతాలు వేరుగా వస్తే అనుమానపడాల్సిన పని లేదు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చినా, ఆ సగం ఏ సగమన్నది బిడ్డబిడ్డకూ మారుతుంది.

పోలిక ఎవరితో

తెలుగువాళ్ళకు సంబంధించి ప్రపంచమంతా వాడే బహిరంగ నమూనా ఒకటుంది. 2015లో ముగిసిన వెయ్యి జీనోముల ప్రాజెక్టు చివరి దశలో 26 జనసమూహాల నుంచి 2,504 మందిని చదివారు. అందులో ‘యూకేలోని భారతీయ తెలుగువారు’ అనే గుంపు ఉంది, సంఖ్య 102. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళే ఆ 102 మందీ. పుంగనూరు దగ్గరి పల్లె రైతును, కుప్పం కొండల్లోని గొర్రెల కాపరిని, నిమ్మనపల్లె సుగాలీ తండాను ఆ గుంపు ఎంతవరకు చూపిస్తుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. చదువుతో, ఉద్యోగంతో విదేశం దాటిన వర్గాలు అందులో ఎక్కువగా ఉండడం సహజం.

ఈ కొరత తీర్చే ప్రయత్నం ఇక్కడా జరిగింది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2020లో మొదలుపెట్టిన జీనోమ్ ఇండియా కింద సుమారు 10 వేల మంది భారతీయుల జీనోములు చదివి, 2025 జనవరిలో సమాచారాన్ని పరిశోధకులకు తెరిచారు. అది ఉమ్మి గొట్టం అమ్మే సంస్థల కోసం పెట్టింది కాదు. ఇంట్లో పరీక్ష చేయించుకునేవాళ్ళకు దాని లాభం నేరుగా అందదు. హైదరాబాదులో అనూ ఆచార్య నెలకొల్పిన మ్యాప్‌మైజీనోమ్ వంటి సంస్థలు ఇంటికి కిట్లు పంపుతున్నాయి గానీ, ఆ సంస్థకు పేరు తెచ్చింది ఆరోగ్యం వైపు చూసే ‘జీనోమ్‌పత్రి’. జాతక పత్రికను గుర్తుచేసే ఆ పేరు పెట్టినవాళ్ళకు మన జనం నాడి బాగా తెలుసు.

మేనరికాల చిక్కు

అసలు చిక్కు ఇక్కడుంది. పైన చెప్పిన 850, 230, 70 లెక్కలన్నీ భార్యాభర్తలు ఒకరికొకరు చుట్టాలు కారు అనే ఊహ మీద కట్టినవి. రాయలసీమలో ఆ ఊహ నిలబడదు. మేనమామ కూతురు, మేనత్త కూతురు, అక్క కూతురు అందరూ వరసైనవాళ్ళే. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట వీటిని ఒప్పుకుంటుంది. జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు 1960 దశకం తొలి ఏళ్ళలోనే ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి పెళ్ళిళ్ళ లెక్క తీసి ప్రచురించాడు. జన్యుశాస్త్రానికి తెలుగునేల అంత పాత పరిచయం.

అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో పుట్టిన బిడ్డను చూడండి. ఆ బిడ్డకు తండ్రి తరఫు జేజినాయన ఎవరో, తల్లి తరఫున అవ్వకు తండ్రి కూడా ఆయనే. వంశవృక్షం గీస్తే ఆ మనిషి రెండు కొమ్మల మీద కూర్చుంటాడు. ఎనిమిది మంది ముత్తాతలు, ముత్తవ్వలు ఉండాల్సిన వరుసలో ఆరుగురే కొత్తవాళ్ళు, మిగతా ఇద్దరూ తాత అవ్వల వరుసలో అప్పటికే ఉన్నవాళ్ళు. ఆ బిడ్డ జీనోములో సగటున ఎనిమిదో వంతు, తల్లి వైపు నుంచి వచ్చిన ప్రతీ, తండ్రి వైపు నుంచి వచ్చిన ప్రతీ అచ్చు ఒక్కటిగా ఉంటుంది. మేనమామ, మేనత్త బిడ్డల పెళ్ళిలో అది పదహారో వంతు. ఇలా రెండు ప్రతులూ ఒకటైన పొడుగాటి గీతలను కొలిచి, తల్లిదండ్రులు చుట్టాలా కాదా అని చెప్పే పరికరం జెడ్‌మ్యాచ్ అనే సైటులో ఉంది. అమెరికాలో దాన్ని వాడి అదిరిపడేవాళ్ళు ఉంటారు. మదనపల్లెలో పెళ్ళి పత్రిక చూస్తే తెలిసే విషయానికి అంత యంత్రం అక్కర్లేదు.

మేనరికాల్లో ఒక సూక్ష్మం ఎక్స్ క్రోమోజోములో దొరుకుతుంది. మగవాడు తన కూతురికిచ్చే ఎక్స్ పూర్తిగా తన తల్లి నుంచి వచ్చింది. మేనమామ కూతుర్ని చేసుకున్నవాడి తల్లి, భార్య తండ్రికి తోబుట్టువు. కనుక వాళ్ళకు పుట్టిన ఆడపిల్లలో ఒకే పూర్వీకురాలి ఎక్స్ ముక్క రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశం ఎనిమిదో వంతు. మేనత్త కూతుర్ని చేసుకుంటే, అతని తల్లి వేరే ఇంటి నుంచి వచ్చిన మనిషి. ఆ దారిన ఎక్స్ కలవదు. ఊరి పెద్దలకు రెండూ మేనరికాలే. క్రోమోజోముకు కాదు.

వంశం వెతికేవాడికి దీనివల్ల వచ్చే ఇబ్బంది ఇది. ఒకే కులం, చుట్టుపక్కల ఇరవై ఊళ్ళ మధ్య పది తరాల పాటు సంబంధాలు కలుపుకున్న ఇద్దరు మనుషులకు చుట్టరికం ఒక దారిలో ఉండదు, నాలుగైదు దారుల్లో ఉంటుంది. ఒక్కో దారిన 70 చొప్పున నాలుగు దారులు కూడితే 280 అవుతుంది. సంస్థ లెక్క వాళ్ళను రెండో తరం జ్ఞాతులని చూపిస్తుంది. నిజానికి వాళ్ళ ఉమ్మడి పెద్దలు అంతకంటే వెనకటి వాళ్ళు. ఈ ప్రాంతపు ఫలితాలను చదివేటప్పుడు మొత్తం అంకెను పక్కన పెట్టి, అతి పొడుగైన ఒకే ముక్క ఎంతుందో చూడాలి. ఇటీవలి చుట్టరికం పొడుగాటి ముక్కలను మిగులుస్తుంది, పాత కలయికలు చిన్న చిన్న తునకలనే మిగులుస్తాయి.

మరొక తేడా లెక్కకు అందేది కాదు. చిన్నాన్న కొడుకు తమ్ముడు, మేనమామ కొడుకు బావ. ఒకరితో పెళ్ళి మాటే నోట రాకూడదు, మరొకరితో పుట్టగానే ముడిపెడతారు. పరీక్ష ఇద్దరినీ 850 దగ్గర ఒకే గడిలో కూర్చోబెడుతుంది. వరస తెలిసిన అవ్వ పక్కన లేకపోతే ఆ జాబితా సగం గుడ్డిది.

ఇంటిపేరు దారి, అవ్వల దారి

తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్ళే వై క్రోమోజోము ఇంటిపేరు నడిచే దారినే నడుస్తుంది. ఒకే ఇంటిపేరున్న రెండు ఊళ్ళ మనుషులు నిజంగా ఒకే మూలపురుషుడి సంతతా అన్న ప్రశ్నకు దీనికంటే సూటి పరీక్ష లేదు. దత్తత, ఇల్లరికం జరిగిన చోట మాత్రం రెండు దారులూ విడిపోతాయి. రాయలసీమలో ఇల్లరికం తక్కువేం కాదు. తల్లి నుంచి పిల్లలందరికీ వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ అవ్వల దారి చెబుతుంది. భారతీయుల్లో సుమారు 60 శాతం మంది తల్లి వైపు ‘ఎం’ అనే పెద్ద శాఖకు చెందుతారు. అంత పెద్ద శాఖ పేరు చెప్పడం వల్ల ఊరు తేలదు. తెలుగు మగవాళ్ళలో హెచ్, ఎల్, ఆర్1ఏ, ఆర్2 వంటి వై శాఖలు కులాల గోడలు దాటి కనబడతాయి. ఫలానా శాఖ వచ్చింది కాబట్టి ఫలానా కులమని చెప్పడం అబద్ధం. కుల ధ్రువపత్రం ఇచ్చేది 1993 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం రెవెన్యూ అధికారే. ఉమ్మి గొట్టానికి అక్కడ విలువ లేదు.

హైదరాబాదు పరిశోధన చెప్పింది

లోతైన గతం గురించి ఇంటి కిట్టు కంటే గట్టి సమాధానం హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి వచ్చింది. అక్కడి లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో ‘నేచర్’లో 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్‌ఏ విశ్లేషణ ప్రచురించారు. నేటి భారతీయులలో అత్యధికులు రెండు ప్రాచీన జనధారల మిశ్రమమని, పాళ్ళు మాత్రమే వేరని తేలింది. 2013లో ఇదే బృందం ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందట జరిగిందని, ఆ తర్వాత సమూహాలు తమలో తామే పెళ్ళిళ్ళకు మళ్ళాయని లెక్కగట్టింది.

తెలుగువాళ్ళకు నేరుగా తగిలే సంగతి వైశ్యులది. వాళ్ళ డీఎన్‌ఏలో, రెండు మూడు వేల ఏళ్ళ కిందట కొద్దిమంది పూర్వీకుల నుంచి సమూహమంతా పెరిగిన గుర్తు బలంగా ఉంది. 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చిన అధ్యయనం దక్షిణాసియాలోని 263 సమూహాలను చూసి, 81 సమూహాల్లో ఈ గుర్తు ఫిన్లాండ్ ప్రజల్లో, అష్కెనాజీ యూదుల్లో కంటే గాఢంగా ఉందని చెప్పింది. దీని ప్రభావం ఆపరేషన్ బల్ల మీద కనబడుతుంది. వైశ్యుల్లో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఇతరుల కంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ ఆ లోపమున్నవాళ్ళకు పడదు, ఊపిరి తిరిగి అందుకోవడం ఆలస్యమవుతుంది. మదనపల్లె, పుంగనూరు బజారు వీధుల్లోని కుటుంబాలకు తాతల ఊరు ఏదన్న ప్రశ్న కంటే ఇది ఎక్కువ పనికొచ్చే వంశ సమాచారం. కొద్దిమంది పెద్దల నుంచి పెరిగిన మంద ఎలా ఉంటుందో ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పక్కర్లేదు. అంతరించే దాకా వచ్చి పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో నిలబెట్టిన పొట్టి పుంగనూరు ఆవుకూ ఇదే సమస్య, ఇదే లెక్క.

నోటి లెక్కలు, కాగితాలు

పరీక్ష సంస్థలు పుట్టకముందు ఇక్కడ వంశం చెప్పే వృత్తే ఉండేది. రెడ్డి, కాపు కుటుంబాల గోత్రాలు, వంశక్రమం పాడి సంభావన పుచ్చుకునే పిచ్చుకుంట్లవాళ్ళు ఇంటింటికీ వచ్చేవాళ్ళు. ఆ పేరులోని కించపాటు పోగొట్టడానికి ప్రభుత్వ జాబితాలో వాళ్ళను ఇప్పుడు వంశరాజ్ అని రాస్తున్నారు. పోషించిన ఇంటిని పొగడడం వాళ్ళ బతుకుతెరువు గనుక వాళ్ళు చెప్పింది తూచి తీసుకోవాలి. అయినా ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఏ శాఖ తరలిందన్న వివరం డీఎన్‌ఏ ఎన్నటికీ ఇవ్వలేనిది.

కాగితాల కోసం వెళ్ళేవాడు ముందు పాత జిల్లాలు తెలుసుకోవాలి. మదనపల్లె తాలూకా 1911 దాకా కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ, కుప్పం కేంద్రంగా ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటువి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడ్డాకే ఇవి ఒకచోట చేరాయి. అందుకే పక్కపక్క ఊళ్ళ పాత దస్త్రాలు రెండు వేర్వేరు జిల్లాల పేర్ల కింద, చాలావరకు చెన్నై ఎగ్మోర్‌లోని పురాలేఖ భండారంలో ఉంటాయి. బ్రిటిష్ కాలంలో ఇనాం భూముల హక్కులు తేల్చిన ఇనాం కమిషన్ రిజిస్టర్లలో భూమి పొందినవాడి పేరు, తండ్రి పేరు, వారసుల వివరం దొరుకుతుంది. జమీందారీ ఊళ్ళకు ఇంత వరుసైన లెక్కలు దొరకవు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే అవి సర్కారు లెక్కల్లోకి వచ్చాయి.

క్రైస్తవ కుటుంబాల పరిస్థితి కొంత మెరుగు. అమెరికన్ ఆర్కాట్ మిషన్ తరఫున వైద్యుడు జేకబ్ ఛాంబర్లెయిన్ 1860 దశకంలో మదనపల్లె చేరినప్పటి నుంచి ఈ ప్రాంతంలో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు రాతలో ఉన్నాయి. ఊరి కాగితాలు శాశ్వతమని మాత్రం అనుకోకూడదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. ఆ వార్త అప్పట్లో భూకబ్జాల కోణంలోనే నడిచింది. తాతల పేర్లు కూడా అదే బీరువాల్లో ఉంటాయన్నది ఎవరికీ తట్టలేదు.

ఓడ ఎక్కినవాళ్ళు

ఇంటి డీఎన్‌ఏ పరీక్ష నిజంగా ఆకలి తీర్చేది ఊరు మరిచిపోయినవాళ్ళకు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా నటాల్ చెరకు తోటలకు లక్షా యాభై రెండు వేల మందికి పైగా ఒప్పంద కూలీలు వెళ్ళారు. ఫిజీకి దక్షిణాది కూలీలు 1903 నుంచి 1916 వరకు మద్రాసులో ఓడ ఎక్కారు. మారిషస్‌కు అంతకు చాలా ముందే 1830 దశకం నుంచి వలస ఉంది. ఇలా కూలీలు ఎక్కువగా వెళ్ళిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ఒకటి. నటాల్‌లో తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకొని భాషను కాపాడుకునే ప్రయత్నం చేశారు. ఊరి పేర్లు మాత్రం చాలా ఇళ్ళల్లో నిలవలేదు.

అలాంటి కుటుంబపు మునిమనవరాలు డర్బన్‌లో ఉమ్మి పంపితే వచ్చే జవాబు ‘దక్షిణ భారతం’ అనే. ఊరు చెప్పేది ఓడ జాబితా. నటాల్ జాబితాల్లో, ఫిజీ వలస పాసుల్లో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసుకున్నారు. మారిషస్ వలస దస్త్రాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. గుమాస్తా చెవికి వినబడినట్టు ఇంగ్లిషులో రాసిన ఊరిపేరును తెలుగు ఊరితో కలపడం ఒక విద్య. జిల్లా గడిలో ఉత్తర ఆర్కాటు అని ఉంటే పుంగనూరు, కుప్పం వైపు కూడా చూడాలి, కడప అని ఉంటే మదనపల్లె, వాయల్పాడు వైపు. ఊరు దొరికాక, అదే ఊళ్ళో మిగిలిన శాఖ నుంచి ఒక్కరు ఉమ్మి ఇస్తే అప్పుడు పరీక్ష తన పని చేస్తుంది. నూరేళ్ళ కిందట విడిపోయిన అన్నదమ్ముల మనవళ్ళకు 230 దరిదాపుల్లో, మునిమనవళ్ళకు 70 దరిదాపుల్లో ఉమ్మడి ముక్కలుండాలి. చిక్కల్లా, ఊళ్ళో ఉన్న శాఖకు ఉమ్మి ఇవ్వాల్సిన అవసరం ఏమీ కనబడకపోవడమే.

చట్టం, గోప్యత

ఇంట్లో చేసుకునే వంశ పరీక్షలకు భారతదేశంలో ప్రత్యేక చట్టం లేదు. 2019లో లోక్‌సభలో పెట్టిన డీఎన్‌ఏ టెక్నాలజీ బిల్లు నేరస్థుల, తప్పిపోయినవాళ్ళ గుర్తింపు కోసం ఉద్దేశించింది. దాన్ని 2023 జూలైలో ఉపసంహరించుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జన్యు సమాచారానికి విడిగా గట్టి కవచమేమీ ఇవ్వలేదు. సంస్థల మీద నమ్మకం పెట్టుకోవడం కూడా కష్టమే. 2023లో ట్వంటీత్రీ అండ్ మీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగల చేతికి చిక్కాయి. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. తర్వాత దాని సహ వ్యవస్థాపకురాలు యాన్ వోజిస్కీ నడిపే లాభాపేక్ష లేని సంస్థ 30.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మధ్యలో ఆ కొన్ని నెలలూ కోటిన్నర మంది జన్యు సమాచారం వేలం సరుకుగా ఉంది.

ఆస్తి తగాదాల్లో ఇంటి పరీక్ష చెల్లదు. నమూనా ఎవరిదో నిరూపించే సాక్షి లేడు. తండ్రి ఎవరన్న వివాదంలో కోర్టు ఆదేశిస్తే తప్ప పరీక్ష జరగదు, అది కూడా అడిగిన వెంటనే ఆదేశించరాదని 1993లో గౌతమ్ కుండు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకప్పటి ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఎన్.డి. తివారీ పితృత్వ కేసులో రక్తనమూనా హైదరాబాదులోని డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీకి చేరి, 2012 జూలైలో ఫలితం బయటికి వచ్చింది కోర్టు బలవంతం మీదే. దత్తత వెళ్ళినవాళ్ళు కన్నవాళ్ళను వెతుక్కోవడానికి 2022 దత్తత నిబంధనల్లో దారి ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండిన వ్యక్తి స్వయంగా అడగవచ్చు, మరొకరి ద్వారా వెతికించుకోవడానికి వీల్లేదు, కన్నతల్లి ఒప్పుకోకపోతే ఆమె వివరాలు ఇవ్వరు. డీఎన్‌ఏ జాబితాకు ఈ నిబంధనలేవీ తెలియవు. మేనరికాల ఊళ్ళో ఒక్కరు ఉమ్మి ఇస్తే ఆ ఊరి సగం ఇళ్ళ చుట్టరికం కొలతకు అందుతుంది. సమ్మతి పత్రం మీద సంతకం మాత్రం ఆ ఒక్కరిదే.